గుర్రమెక్కినవాడు, అప్పుల్లో పడ్డవాడు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అనగానే వాషింగ్టన్ గుర్తొస్తాడు. ఆయన కింద గుర్రపు దళం నడిపిన హెన్రీ లీ పేరు మనలో చాలామంది విని ఉండరు.

1756లో వర్జీనియాలో పుట్టాడు. బానిసల చేత పొగాకు పండించే పెద్ద భూస్వాముల కుటుంబం. 17 ఏళ్లకే ప్రిన్స్‌టన్‌లో డిగ్రీ అయిపోయింది. లా చదవాల్సినవాడు, యుద్ధం రావడంతో సైన్యంలో చేరిపోయాడు. 1779 ఆగస్టులో, న్యూయార్క్‌కి ఎదురుగా నదికి అవతల ఉన్న పౌలస్ హుక్ కోట మీద చీకట్లోనే పడి, దాదాపు 150 మంది ఆంగ్ల సైనికుల్ని పట్టుకొచ్చాడు. తోటి అధికారులకు కన్నుకుట్టి కోర్టుమార్షల్ పెట్టించారు. నిర్దోషి అని తేలింది, పైగా కాంగ్రెసు బంగారు పతకం ఇచ్చింది.

1791లో వర్జీనియా గవర్నరయ్యాడు. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు సారా పన్ను కట్టమని తిరగబడితే, సుమారు 13 వేల మంది సైన్యానికి నాయకుడై వెళ్లాడు. తీరా వెళ్తే అక్కడ ఎదిరించేవాళ్లే లేరు! పన్నుల మీద కోపంతోనే కదా వీళ్లంతా ఇంగ్లండు మీద తిరగబడింది, నాకిది వింతగానే అనిపిస్తుంది. 1799లో వాషింగ్టన్ పోతే కాంగ్రెసు తరఫున సంతాప ప్రసంగం చేసింది ఈయనే.

అంత పేరున్నా చేతిలో డబ్బు నిలవలేదు. ఎక్కడో పడమటి భూములు కొంటే కోట్లు వస్తాయని ఆశ. మొదటి భార్య మటిల్డాకు ఆ సంగతి బాగా తెలుసు. 1790లో చనిపోయే ముందు తన స్ట్రాట్‌ఫర్డ్ ఎస్టేటును భర్త అప్పులవాళ్లకు చిక్కకుండా పిల్లల పేర కట్టుదిట్టం చేసింది. రెండో భార్య ఆన్ కార్టర్ తండ్రి కూడా అల్లుడి చెయ్యి పడకుండానే వీలునామా రాశాడు. ఆ కాస్త రాబడితోనే ఆన్ పిల్లల్ని పెంచింది.

1809లో అప్పుల జైలు. అక్కడ కూర్చుని యుద్ధ జ్ఞాపకాలు రాశాడు. 1812లో బాల్టిమోర్‌లో, కొత్త యుద్ధం వద్దన్న పత్రికా సంపాదకుడికి అండగా నిలిచినందుకు అల్లరిమూక చావగొట్టింది. ఆ దెబ్బలనుంచి పాపం మళ్లీ కోలుకోలేదు.

మరుసటి ఏడాది వైద్యం కోసమని వెస్టిండీస్‌కి ఓడెక్కాడు. అప్పులవాళ్ల బాధా తప్పుతుందనుకున్నాడేమో. అయిదేళ్ల తర్వాత ఇంటికి బయల్దేరి, దారిలో జార్జియాలోని కంబర్లాండ్ దీవిలో, తన పాత సేనాని గ్రీన్ కూతురింట్లో 1818 మార్చి 25న కన్నుమూశాడు. ఆన్ దగ్గర పెరుగుతున్న రాబర్ట్‌కి అప్పుడు 11 ఏళ్లు. అంతర్యుద్ధంలో దక్షిణాది సేనలు నడిపిన రాబర్ట్ లీ అతనే. 1862లో ఆ దీవికి వెళ్లి తండ్రి సమాధి చూసి వచ్చాడు.