కొండకోనల ఆప్తుడు – హైమన్‌డార్ఫ్

చండ్రుగొండ దాటి తూర్పుగా అశ్వారావుపేట మీదుగా సాగితే అడవి క్రమంగా చిక్కబడుతుంది. కుక్కునూరు, వేలేరుపాడు సీమలను దాటగానే గోదావరి నడుమ పాపికొండలు దర్శనమిస్తాయి. ఆంగ్లేయులు వీటిని అడవిదున్నల కొండలన్నారు. 2008లో ఈ అడవి జాతీయ ఉద్యానవనమైంది. అంతకు ఆరు దశాబ్దాలకు పూర్వమే ఈ కొండల్లోని మనుషుల బతుకును ప్రపంచానికి తెలిపిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్.

ఆయన 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం అభ్యసించి, 1936లో నాగా కొండలకు వచ్చి పరిశోధన సాగించారు. 1939లో ఆయన మరల భారతదేశానికి వచ్చినప్పుడు రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో విలీనమై ఉండడం చేత బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను శత్రుదేశీయునిగా పరిగణించింది. హైదరాబాదు రాజ్యం విడిచి పోరాదని ఆంక్ష విధించింది. ఆ నిర్బంధమే గిరిజనుల పాలిట వరమైంది.

నల్లమలలో చెంచులను పరిశీలించిన పిదప, 1941లో భార్య బెట్టీతో కలిసి ఆయన పాపికొండల్లోని కొండరెడ్ల మధ్య నివసించారు. వారు కొండవాలులలో పోడు కొట్టి జొన్న పండించేవారు. తిండి కరవైన వేళ జీలుగు చెట్టు గుజ్జును పిండి చేసి అంబలి కాచుకొనేవారు. కలప, వెదురు గుత్తేదారులు వారిని అప్పులలో బంధించి చాకిరీ చేయించుకొనే తీరు హైమన్‌డార్ఫ్ హృదయాన్ని కలచివేసింది. ఈ దురవస్థను 1945లో వెలువడిన తన గ్రంథంలో నిర్మొహమాటంగా వెల్లడించారు.

కేవలం పరిశోధనతో ఆయన తృప్తి చెందలేదు. నిజాం ప్రభుత్వ సలహాదారుగా గిరిజనులకు భూమి పట్టాలు ఇప్పించడానికి పాటుపడ్డారు. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ఏర్పడడానికి కారకులయ్యారు. 1950 తరువాత లండన్‌లో ఆచార్యులుగా పనిచేసినా ఈ నేలను మరువలేదు. 1970లలో తిరిగి వచ్చి, గిరిజనుల భూములు అన్యాక్రాంతం కావడం చూసి ఎంతో వ్యథ చెందారు. ఆ సంగతులను 1982లో మరొక గ్రంథంగా ప్రకటించారు.

హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులు ఉన్నాయి. కొండల అందాన్ని చూసేవారు ఎందరో ఉంటారు. ఆ కొండలను నమ్ముకొన్న మనిషి ఆకలిని చూసినవారు అరుదు. అట్టి అరుదైన మహనీయుడు హైమన్‌డార్ఫ్.