ఉక్కుగది వెలుపల నిలిచిన సేనాని: అడ్మిరల్ టోగో

యుద్ధనౌకపై సేనాధిపతి నిలువవలసిన తావేది యను ప్రశ్న ఉక్కునౌకలతోడనే పుట్టినది. పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున నౌకలకు ఉక్కుకవచములు తొడుగ నారంభించిన నాటినుండి, నౌక ముందుభాగమున, పెద్ద ఫిరంగుల వెనుక, దళసరి ఉక్కుతో ఒక చిన్న గదిని నిర్మించుట యాచారమయ్యెను. ఆంగ్లేయులు దానికి కానింగు టవరని పేరిడిరి. మనము ఉక్కుగది యందము. అందు చుక్కాని చక్రము, దిక్సూచి, యంత్రశాలకు ఆజ్ఞల నందించు గొట్టములు నుండును. చుట్టును కంటిమట్టమున ఒక సన్నని సందు విడువబడును. లోనివారు ఆ సందులోనుండియే సముద్రమును, శత్రువును, తమ వెనుకవచ్చు నౌకలను చూడవలెను. గోడ దళమైన కొలది ప్రాణమునకు రక్షణ హెచ్చును. సందు సన్నమైన కొలది చూపు తగ్గును. ఈ గదికి పైన, మన పొలములలోని కాపలా మంచెవలె, నలుదిక్కులు కానవచ్చు బహిరంగ వేదిక యొకటి యుండును. దానినే బ్రిడ్జి యందురు. గదిలో నుండుటయా, మంచెపై నుండుటయా యను దానికి జపాను నౌకాసేనాధిపతి హెయిహచిరో టోగో 1905వ సంవత్సరమున నిచ్చిన సమాధానము లోకమంతయు మారుమ్రోగెను.

టోగో 1848 జనవరి 27న దక్షిణ జపానులోని కగోషిమా నగరమున, సత్సుమా సంస్థానమును గొలుచు సమురాయి కుటుంబమున జన్మించెను. ఆ సంస్థానపు భటులు 1862లో ఒక ఆంగ్ల వర్తకుని చంపిరి. అందుకు నష్టపరిహారము కోరుచు బ్రిటిషు నౌకలు మరుసటి యేడు ఆగస్టులో కగోషిమాపై గుండ్లు కురిపించెను. నగరములో చాల భాగము కాలిపోయెను. పదునైదేండ్ల టోగో నాడు సంస్థాన సైనికులతో ఫిరంగుల చెంత నుండెను. ఆ పోరులోనే తీరమునుండి పోయిన యొక గుండు యూరియాలసు అను బ్రిటిషు పతాకనౌకపై పడి, దాని కెప్టెనును, ఆయనకు రెండవవాడైన కమాండరును ఒక్క దెబ్బతో కూల్చెను. వారిరువురును పైవేదికపై, ఏ మరుగును లేక నిలిచియుండిరి. బహిరంగముగ నిలుచుటకు చెల్లింపవలసిన వెల యెట్టిదో టోగో యౌవనారంభముననే యాతని యూరి ముంగిట కనబడినది.

తరువాతి కథ కొంత వేగముగ చెప్పవచ్చును. 1868, 1869 సంవత్సరముల అంతర్యుద్ధమున చక్రవర్తి పక్షమున కసుగా యను నౌకపై పనిచేసెను. 1871లో ప్రభుత్వమువారాయనను ఇంగ్లండునకు పంపిరి. తన యూరిని కాల్చినవారి యొద్దకే విద్యకు పోవుటకు ఆయన సంకోచించినట్లు కానరాదు. థేమ్సు నదిపై నుండిన వూస్టరు అను శిక్షణనౌకలో, తనకంటె చాల చిన్నవారైన బాలుర నడుమ కూర్చుండి చదివెను. 1875లో హాంప్‌షైరు అను తెరచాప ఓడపై సాధారణ నావికుని పని చేయుచు ఆస్ట్రేలియాకు పోయి వచ్చెను. 1878లో, జపాను కొరకు బ్రిటనులో క్రొత్తగ నిర్మింపబడిన హియెయి యను నౌకపై స్వదేశము చేరెను. ఈ పేరును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

1894 జూలై 25న, చీనాతో యుద్ధము ప్రకటింపబడక మునుపే, నానివా యను నౌకకు కెప్టెనుగ నుండిన టోగో, చీనా సైనికులను వేయిమందికి పైగా కొనిపోవుచుండిన కౌషింగు అను బ్రిటిషు ఓడను నిలిపెను. లోని సైనికులు లొంగుటకును, ఆంగ్ల నావికులను దిగనిచ్చుటకును సమ్మతింపలేదు. కొన్ని గంటల సంప్రదింపుల పిమ్మట టోగో దానిని ముంచివేసెను. చీనావారిలో పెక్కుమంది జలసమాధియైరి. ఆంగ్ల న్యాయశాస్త్రజ్ఞులు కొందరు ఈ చర్యను శాస్త్రసమ్మతమని సమర్థించిరి. శాస్త్రమున కది సరిపడవచ్చును గాని, నీటబడినవారిలో యూరోపియనులను మాత్రమే ఏరి రక్షించుట మన మనస్సునకు సరిపడదు.

1903 చివర, పదవీవిరమణకు దగ్గరపడినవాడని పలువురెంచుచుండిన టోగోను, సంయుక్త నౌకాదళమునకు అధిపతిగ నియమించిరి. ఆయన పతాకనౌక మికాసా. ఇంగ్లండులోని బారో రేవున విక్కర్సువారు నిర్మించిన పదునైదువేల టన్నుల నౌక యది. దాని ఉక్కుగది గోడల దళము 14 అంగుళములు. నౌక నడుమునకు చుట్టిన కవచముకంటెను గది గోడయే దళసరియైనది.

1904 ఆగస్టు 10న పచ్చసముద్రమున జరిగిన పోరులో ఈ గదుల గుణదోషములు తొలిసారి గట్టిగ పరీక్షింపబడెను. రష్యను పతాకనౌక త్సెసారెవిచ్ యొక్క ఉక్కుగది చెంత జపాను గుండ్లు ప్రేలెను. సేనాధిపతి విట్‌గెఫ్ట్ మరణించెను. చుక్కాని బిగిసిపోయి ఆ నౌక గిరగిర తిరుగజొచ్చెను. వెనుకనున్నవారికి అది ఆజ్ఞయో, ఆపదయో తెలియక వరుస చెదరెను. మికాసాకును గట్టి దెబ్బలు తగిలెను. టోగో మాత్రము మంచెపై క్షేమముగ నుండెను. నాడు ఆ నౌక ఫిరంగిగృహమున గాయపడిన ఫుషిమి రాకుమారుడు ఈ కథలో మరల కనబడును.

1905 మే 27. బాల్టికు సముద్రమునుండి ఏడుమాసములు ప్రయాణము చేసి వచ్చిన రష్యను దళము, రొజెస్ట్‌వెన్‌స్కీ నాయకత్వమున త్సుషిమా జలసంధిలో ప్రవేశించెను. మధ్యాహ్నము రెండుగంటలు దాటిన కొద్ది నిమిషములకు టోగో తన నౌకలను, శత్రువుల ఫిరంగుల యెదుట, ఒకదాని వెనుక నొకటిగ ఒకే చోట వెనుకకు మరలించెను. ఆ మలుపు ముగియువరకు ప్రతినౌకయు రష్యనులకు సులభలక్ష్యమే. అందును ముందున్న మికాసా. ఉక్కుగదిలోనికి దయచేయుడని అనుచరులు వేడిరి. ఏబదియేడేండ్ల సేనాని కదలలేదు. ఆయన చేసిన రెండవపనిని మాత్రము చిత్రకారులును, కీర్తిగాయకులును తరచు మరచిపోవుదురు. తన సహాయాధికారులలో కొందరిని మంచెపైనుండి దింపి ఉక్కుగదిలోనికి పంపివేసెను. ఒక్క గుండుతో అందరును కూలినచో దళము నాయకశూన్యమగును గదా! చూడవలసినవాడు పైన, తనవెనుక ఆజ్ఞ నడుపవలసినవారు లోపల. సాహసమని వేనోళ్ల పొగడబడిన ఆ నిలుకడలో ఇంత లెక్క యున్నది. మా దృష్టికి ఆయన గొప్పతన మచ్చటనే.

ఆనాడు మికాసాకు ముప్పదికి పైగా గుండ్లు తగిలెను.

ఎదుటి పక్షమున రొజెస్ట్‌వెన్‌స్కీ సువోరొవ్ నౌకయందలి ఉక్కుగదిలో నుండెను. ఆయన పిరికివాడు గాడు. నియమము ననుసరించెను, అంతియే. కాని ఆ గది సందులు వెడల్పైనవి. వెలుపల ప్రేలిన గుండ్ల ముక్కలు సందులలో దూరి, లోని గోడలకు కొట్టుకొని, మనుష్యులను చీల్చెను. రక్షణకై కట్టిన గోడయే ఇనుప ముక్కలను లోన బంధించి త్రిప్పెను. గంట లోపుననే చుక్కాని పాడై సువోరొవ్ వరుస విడిచెను. తలకు గాయమై తెలివి తప్పుచుండిన సేనానిని సాయంకాలము ఒక డిస్ట్రాయరులోనికి దింపిరి. మరునాడాయన జపానువారికి బందీగ చిక్కెను. ఎనిమిది రష్యను యుద్ధనౌకలలో ఆరు మునిగెను, రెండు లొంగెను. రష్యనులలో నాలుగువేలకు పైగా మరణించిరి. జపాను కోల్పోయినది మూడు టార్పీడో పడవలు, నూటపదునేడుగురు మనుష్యులు. సాసెబో వైద్యశాలలో పడియున్న రొజెస్ట్‌వెన్‌స్కీని టోగో స్వయముగ పోయి పరామర్శించెను.

ఆసియా వాసులకు ఈ వార్త యెట్లు తోచినదో నేటివారూహించుట కష్టము. అప్పుడే విద్యాభ్యాసమునకై ఇంగ్లండు చేరిన జవహర్లాల్ నెహ్రూ, డోవరునుండి లండనునకు పోవు రైలులో దీనిని చదివి పొంగిపోయినట్లు తన యాత్మకథలో వ్రాసికొనెను. అయిదేండ్లు తిరిగిన కొలది మాసములకే ఆ జపానే కొరియాను తనలో కలిపివేసికొనెను. త్సుషిమాను దలచి పొంగినవారు దీనినిగూడ తలపక తప్పదు.

టోగో 1934 మే 30న మరణించువరకు దేశమునకు సజీవ విగ్రహమై యుండెను. యువరాజు హిరోహితో విద్యను పర్యవేక్షించెను. విగ్రహములకు కలుగు చిక్కే ఆయనకును కలిగెను. 1930లో నౌకాబలములను పరిమితము చేయు లండను ఒడంబడికను, ఫుషిమి రాకుమారునితో గూడి ఆయన గట్టిగ నెదిరించెను. ఆయన పేరు చెప్పుకొని తీవ్రవాదులైన నావికాధికారులు బలపడిరి. మంచెపైనుండి అంత దూరము చూచిన కన్నులు, వృద్ధాప్యమున సన్నని సందులోనుండి చూచినవా యని యనిపించును.

ఆ ఒడంబడిక మూలమున ఆయుధములు తగ్గించి శిక్షణనౌకగ చేయబడినది మరొక హియెయి. టోగో యౌవనమున నెక్కివచ్చిన దాని పేరే దీనికిని బెట్టిరి. ఒడంబడిక గతించిన పిమ్మట జపాను దీనిని పూర్తిగ పునర్నిర్మించి, 1940 నాటికి గోపురమువంటి ఎత్తైన మేడతో, మేడపై ఫిరంగులగురి చూపు యంత్రములతో నిలిపెను. ఇదే కాలమున బ్రిటిషువారు వార్‌స్పైట్ మొదలగు పాతనౌకలను నవీకరించుచు, బరువైన ఉక్కుగదులనే తీసివేసిరి. సేనానులు వాని లోనికి పోకుండుటయే యనుభవమగుటచే, ఆ బరువు వృథా యని వారి తలంపు. అమెరికనులు మాత్రము తమ అయోవా తరగతి నౌకలకు 17 అంగుళములకు మించిన గోడలు కట్టిరి.

1942 నవంబరు 13 తెల్లవారుజామున, గ్వాడల్‌కెనాల్ చెంత చీకటిలో, అమెరికను డిస్ట్రాయర్లు హియెయికి కూతవేటు దూరమునకు వచ్చి దాని ఎత్తైన మేడను చిన్న ఫిరంగులతోను, మరతుపాకులతోను చెరిగివేసెను. సేనాధిపతి అబె గాయపడెను. ఆయన ప్రధాన సహాయాధికారి మరణించెను. ఆ రాత్రియే అమెరికను పక్షమున కల్లహాన్, స్కాట్ అను ఇరువురు సేనాధిపతులు తమ నౌకలపై హతులైరి. చుక్కాని చెడి తిరుగలేని హియెయి, పగలంతయు విమానముల దాడికి గురియై ఆ సాయంకాలము మునిగెను.

మికాసా నేటికిని యొకోసుకా రేవున, నేలలో పాతబడి, ప్రదర్శనశాలగ నున్నది. చూడబోవువారు మెట్లెక్కి టోగో నిలిచిన మంచెవరకు పోవచ్చును.