తాడిపత్రి బిడ్డ.. బళ్లారి రాఘవ

పేరు బళ్లారిదైనా పుట్టుక మాత్రం అనంతపురం జిల్లా తాడిపత్రిది. రంగస్థల నటుడు రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న ఈ ఊరిలోనే జన్మించారు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మద్రాసులో న్యాయశాస్త్రం అభ్యసించి, బళ్లారిలో వకీలుగా పేరు గడించారు. నాటకం ఆయనకు వ్యసనమే తప్ప జీవనోపాధి కాదు.

నాడు నాటకమంటే పద్యమే. పాత్ర దుఃఖించవలసిన చోట సైతం నటుడు రాగం తీస్తూ నిలబడేవాడు, జనం వన్స్‌మోర్ అనేవారు. రాఘవ ఆ దారి పట్టక, సంభాషణలోని భావాన్ని ముఖంలో పలికించారు. కోలాచలం శ్రీనివాసరావు నాటకంలో ఆయన ధరించిన పఠాను పాత్ర విశేష ఖ్యాతి తెచ్చింది.

అంతకన్నా పెద్ద పట్టుదల, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్నది. మీసం తీసేసిన మగవారే ద్రౌపదులు, చిత్రాంగులైన కాలమది. వేదికనెక్కిన మహిళకు సంఘంలో మర్యాద దక్కేది కాదు. విమర్శలు వచ్చినా ఆయన వెనుదీయలేదు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావతులు ఆయన సరసన నటించారు. గౌరవం గల వకీలు పక్కన నిలిచినందువల్లనే అది సాధ్యమైందనాలి.

1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూశారు. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగువారికి మాత్రం ఆయన నేటికీ బళ్లారి రాఘవే.