వెన్నెలను తయారు చేసిన మార్కస్ బార్ట్లే

మన సంఘం ప్రత్యేక సంచికకు వ్యాసం వ్రాయవలసిందని కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, పింఛను సవరణ గురించో, వైద్య ఖర్చుల గురించో వ్రాయమంటారనుకున్నాను. ఈసారి సభ్యులు తమకు నచ్చిన ఒక ప్రముఖుని జీవితాన్ని పరిచయం చేయాలని ఆయన అన్నారు. గాంధీగారిని గురించీ, ప్రకాశం పంతులుగారిని గురించీ నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. అందుచేత నేనొక కెమేరామన్ గురించి వ్రాస్తున్నాను. ఆయన పేరు మార్కస్ బార్ట్లే. ఈ పేరు కొందరికి కొత్తగా తోచవచ్చును. కాని ఆయన చేసిన పని చూడనివారు మనలో ఒక్కరైనా ఉండరు. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘జగదేకవీరుని కథ’, ‘గుండమ్మ కథ’ — ఈ అయిదింటికీ ఛాయాగ్రాహకుడు ఆయనే.

ముందు నా కథ కొంచెం చెప్పుకోవాలి. మాది బేస్తవారిపేటకు రెండు క్రోసుల దూరంలోని పల్లె. అప్పటికి మా ప్రాంతం కర్నూలు జిల్లాలో ఉండేది. ప్రకాశం జిల్లా ఏర్పడినది 1970లో. 1959 వేసవిలో పేటలో టూరింగ్ టాకీసు డేరా వేశారు. ‘మాయాబజార్’ వచ్చిందని తెలిసి, మా నాన్న బండి కట్టి అందరినీ తీసుకొని వెళ్ళాడు. నాకు పదకొండేళ్ళు, మా అక్కకు పదిహేడు. నేల టిక్కెట్టు తీసుకొని ఇసుకలో కూర్చున్నాం. ఒక్కటే ప్రొజెక్టరు కనుక రీలు రీలుకూ ఆట ఆగేది. ఆగినప్పుడల్లా శనక్కాయల బుట్ట మా వరుసలోకి వచ్చేది.

ఆ సినిమాలో పడవ మీద వెన్నెల పాట మీకందరికీ జ్ఞాపకం ఉండే ఉంటుంది. మొదట అభిమన్యుడూ శశిరేఖా, తరువాత కృష్ణుడూ రుక్మిణీ, ఆ పిమ్మట బలరాముడూ రేవతీ ఆ పడవలో విహరిస్తారు. తిరిగి వచ్చేటప్పుడు బండి పైన నిజమైన వెన్నెల కాస్తున్నది. అక్క దాన్ని చూసి, సినిమాలో ఉన్నది ఈ చంద్రుడేనా అని నాన్నను అడిగింది. ఆ సినిమావాళ్ళు పున్నమినాడు ఏదో పెద్ద చెరువు దగ్గరకు వెళ్ళి తీసి ఉంటారని నాన్న చెప్పాడు. మేమెరిగిన పెద్ద చెరువు కంభం చెరువు ఒక్కటే. అందుచేత ఆ పాట కంభం చెరువులోనే తీశారని అక్క నిశ్చయం చేసుకుంది. తరువాత అర్ధశతాబ్దం పాటు ఆమె ఆ మాట మీదనే ఉన్నది. రైలులో కంభం మీదుగా పోయినప్పుడల్లా పిల్లలకు చెరువు వైపు చేయి చూపి, ఆ పాట అక్కడే తీశారని చెప్పేది.

ఇక బార్ట్లేగారి సంగతికి వస్తాను. ఆయన 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు. యౌవనంలో పత్రికా ఫొటోగ్రాఫరుగా, వార్తాచిత్రాల కెమేరామన్‌గా పని నేర్చుకున్నారు. వార్తలు తీసేవాడికి వెలుతురు తన ఇష్టప్రకారం దొరకదు. ఎదుట ఉన్న వెలుతురుతోనే క్షణంలో పని జరుపుకోవాలి. వెలుతురును పరిశీలించే అలవాటు ఆయనకు ఆ ఉద్యోగంలోనే పట్టుబడి ఉంటుందని నా ఊహ.

తెలుగువారికి ఆయన బి.ఎన్.రెడ్డిగారి ‘స్వర్గసీమ’ ద్వారా 1945లో పరిచయమైనారు. 1947లో కె.వి.రెడ్డిగారి ‘యోగి వేమన’కు, 1949లో ‘గుణసుందరి కథ’కు ఆయనే పనిచేశారు. తరువాత నాగిరెడ్డి, చక్రపాణిగార్లు విజయా సంస్థను నెలకొల్పినప్పుడు మద్రాసు వడపళనిలోని వాహినీ స్టూడియోలో ఒక జట్టు స్థిరపడింది. మాటలు పింగళి నాగేంద్రరావుగారివి, సెట్లు మాధవపెద్ది గోఖలే, కళాధర్‌గార్లవి, కెమేరా బార్ట్లేగారిది. నాగిరెడ్డిగారు కడప జిల్లా పొట్టిపాడువారు, కె.వి.రెడ్డిగారు తాడిపత్రి వైపువారు. అంటే మన పొరుగువారే. ఆ పొరుగువారి నడుమ ఒక ఆంగ్లో ఇండియన్ నిలబడి, మన పురాణాలనూ జానపద కథలనూ మనకే చూపించాడన్నమాట.

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’ 1952లో మన దేశంలో జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవానికి వెళ్ళినది. దక్షిణాది నుండి ఎంపికైన చిత్రం అదొక్కటే. మాంత్రికుని గుహలో ఎస్.వి.రంగారావుగారి ముఖం మీద పడిన నీడలు చూసి మా వయసు పిల్లలు నిద్రలో ఉలిక్కిపడేవారు. 1955 నాటి ‘మిస్సమ్మ’లో భయానికి చోటు లేదు. అక్కడ ఆయన వెలుతురు ఇంటి వసారాలో కాచే వెన్నెలలా మెత్తగా ఉంటుంది. కథనుబట్టి వెలుతురు మారాలే గాని, తన గొప్ప కోసం మారరాదని ఆయన ఎరిగినట్లు కనిపిస్తుంది.

నలుపు తెలుపు బొమ్మ అంటే రంగులు లేని బొమ్మ అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. మార్కాపురం పలకలు ఎరిగిన మనకు అసలు సంగతి వేరే చెప్పనక్కరలేదు. పలక ఎంత నల్లగా ఉంటే బలపం గీత అంత తెల్లగా కనిపిస్తుంది. తెరపైన పచ్చచీరకూ ఎర్రచీరకూ భేదం తెలియనప్పుడు, మనిషిని గోడ నుండి వేరుచేసి చూపవలసినది వెలుతురే. అందుకోసం తల వెనుకనుంచి ఒక దీపం, ముఖం పక్కనుంచి ఒక దీపం, నీడ మరీ చిక్కబడకుండా ఎదురుగా మెత్తని దీపం పెడతారు. ఏ దీపం ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించడమే ఛాయాగ్రాహకుని విద్య.

‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైనది. కె.వి.రెడ్డిగారు ప్రతి దృశ్యానికీ ఎన్ని నిమిషాలు పడుతుందో స్టాప్‌వాచీ పెట్టి ముందే లెక్క కట్టించేవారట. ట్రెజరీలో పనిచేసినవాణ్ణి కనుక ఈ మాట నాకెంతో నచ్చింది. ద్వారకానగరం మొత్తం యాభై అడుగులకు అరవై అడుగుల స్థలంలో చిన్న చిన్న ఇళ్ళతో కట్టిన నమూనా. అందులో విద్యుద్దీపాలు కూడా అమర్చారు. దాన్ని మహానగరంగా మనం నమ్మినామంటే అది కట్టినవారి నేర్పు, చూపిన కెమేరా నేర్పు. కంప్యూటరు లేని కాలమది. ఒక వస్తువు ఉన్నట్లుండి మాయం కావాలంటే కెమేరాను ఆపి, అందరినీ కదలకుండా నిలబెట్టి, ఆ వస్తువును తీసివేసి, మళ్ళీ తిప్పాలి. కెమేరా వెంట్రుకవాసి జరిగినా మాయ బయటపడుతుంది. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూడటం, ఘటోత్కచుడు పెరిగి పెద్దవాడు కావడం, పెళ్ళివారి విందులో లడ్డూలు వాటంతటవే నోట్లోకి పోవడం — వీటిలో ఎక్కడ అతుకు పడిందో ఇప్పటికీ నా కంటికి దొరకదు.

అదే సినిమాను తమిళంలో కూడా తీశారు. శశిరేఖ రెండింటిలోనూ సావిత్రిగారే గాని, తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావుగారు, తమిళంలో జెమినీ గణేశన్‌గారు. అంటే వెన్నెలలో ప్రేమికులను రెండుసార్లు పడవ ఎక్కించాలి. రెండుసార్లూ వెన్నెల ఒక్కలాగే కాయాలి.

ఇప్పుడు ఆ వెన్నెల రహస్యం. పున్మమినాటి వెన్నెల మన కళ్ళకు పట్టపగలులా ఉన్నా, ఆనాటి ఫిల్ము మీద మనుషుల ముఖాలు కనిపించడానికి అది ఏమాత్రం చాలదు. నిజమైన చెరువులో నిజమైన పున్నమినాడు తీస్తే మిగిలేది చీకటే. మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆరుబయట కొన్ని క్షణాలపాటు సాగే దృశ్యాలు మాత్రం తీశారు. ఒక్కొక్కటి పది పదిహేను సెకన్లు. మిగిలిన వెన్నెలంతా బార్ట్లేగారు దీపాలతో తయారు చేసినదే. అయినా సినిమా చూసినవారెవరికీ దీపం తోచలేదు, చంద్రుడే తోచాడు.

ఈ సంగతి నాకు తెలిసినది 1993లో. ఆ సంవత్సరం బార్ట్లేగారు కాలం చేశారు. మార్కాపురంలో ఉద్యోగం చేస్తూ, మధ్యాహ్నం క్యారియరు విప్పినప్పుడు ఒక పత్రికలో ఆయన గురించి చదివాను. భోజనం మానేసి ఆ కాగితం రెండుసార్లు చదివాను. సాయంత్రం అక్క దగ్గరకు వెళ్ళి చెప్పాలనుకున్నాను. అక్క భర్త చిన్నవయసులోనే పోయాడు. ఆమె మార్కాపురంలోనే పలకల పనికి పోయి ఇద్దరు పిల్లలను పెంచింది. ఆమె వాకిట్లో కూర్చున్నాక నా నోరు పెగలలేదు. కంభం చెరువు వెన్నెల ఆమె దగ్గర ఉన్న కొద్దిపాటి ఆస్తిలో ఒకటి. దాన్ని నేనెందుకు లాక్కోవాలనిపించింది. పదిహేడేళ్ళు ఆ మాట కడుపులోనే ఉంచుకున్నాను.

ఆయన తరువాతి జీవితం కూడా చెప్పి ముగిస్తాను. 1965లో రాము కరియత్‌గారి మలయాళ చిత్రం ‘చెమ్మీన్’కు ఆయన ఛాయాగ్రహణం చేశారు. నలుపు తెలుపులో పేరు పొందినవాడు ఈసారి రంగుల్లో సముద్రాన్ని చూపించాడు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించినది. 1967లో విజయావారి హిందీ చిత్రం ‘రామ్ ఔర్ శ్యామ్’కు పనిచేశారు. 1969లో ‘శాంతినిలయం’ అనే తమిళ రంగుల చిత్రానికి ఉత్తమ ఛాయాగ్రాహకునిగా జాతీయ పురస్కారం పొందారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం ఇవ్వడం మొదలైనదే 1967 చిత్రాలతో. ‘మాయాబజార్’ వచ్చిన 1957లో అటువంటి బహుమతి లేదు. మనం ఏ వెన్నెలను ఇన్నేళ్ళుగా తలచుకుంటున్నామో దానికి ఆయనకు జాతీయ పతకం దక్కే వీలే లేదు. ఆఫీసుల్లో జీవితం గడిపినవారికి ఇది వింతగా తోచదు. లెక్క తేల్చేది మూల బల్ల దగ్గరి గుమాస్తా, చెక్కు మీద కనిపించేది అధికారి సంతకం. అలాగని గుమాస్తా లెక్క తప్పుగా కట్టడు గదా.

2010లో ‘మాయాబజార్’కు రంగులు వేసి మళ్ళీ విడుదల చేశారు. తరువాత అది టీవీలో వచ్చిన రోజున అక్క మా ఇంట్లోనే ఉన్నది. కంటి ఆపరేషన్ అయి నెల దాటింది. నగలూ చీరలూ చూసి సంతోషించింది. మా మనుమలు కూడా కదలకుండా చూశారు. రంగుల వల్లనైనా పిల్లలు ఆ సినిమా ముందు కూర్చున్నారు కనుక నేను దాన్ని తప్పుపట్టను. పడవ పాట వచ్చినప్పుడు మాత్రం అక్క ముఖం చిట్లించింది. వెన్నెలకు రంగు పూస్తే వెన్నెల ఎక్కడ ఉంటుందని అన్నది. ఇక దాచలేక, ఆ పాట కంభం చెరువులో తీయలేదనీ, ఆ వెన్నెల చంద్రునిది కాదనీ, మార్కస్ బార్ట్లే అనే ఆయన దీపాలతో చేసినదనీ చెప్పివేశాను.

ఆమె బాధపడుతుందని నేను భయపడ్డాను. ఆమె ఆ పేరు మళ్ళీ చెప్పమన్నది. రెండుసార్లు తన నోటితో పలికి చూసుకున్నది. ఆ మనిషి ఇంకా ఉన్నాడా అని అడిగింది. పోయి పదిహేడేళ్ళయిందని చెప్పాను. నాకెప్పుడు తెలిసిందని అడిగింది. ఆయన పోయిననాడే తెలిసిందని ఒప్పుకున్నాను. అప్పుడు కోపం వచ్చింది అక్కకు. ఒక మనిషి అంత కష్టపడి చేసిన పనిని తన చేత ఇన్నేళ్ళు చెరువుకు చెప్పించినందుకు నన్ను మందలించింది. చెరువుకు పేరు ఉన్నా లేకపోయినా నీళ్ళుంటాయి గాని, మనిషికి పేరొక్కటే గదా మిగిలేదన్నది. పలక చెక్కి చెక్కి అరచేతులు కాయలు కాచిన మనిషి అన్న మాట అది. నేను జవాబు చెప్పలేకపోయాను.

తరువాత మళ్ళీ కంభం మీదుగా రైలులో పోయినప్పుడు ఆమె మనుమరాలికి చెరువును చూపింది. ఈసారి ఆ చెరువును చూస్తే బార్ట్లేగారి వెన్నెల జ్ఞాపకం వస్తుందని చెప్పింది. 2016లో అక్క కన్నుమూసింది.

ఈ సంచిక చదివే మిత్రులకు నా మనవి ఒక్కటే. పాత సినిమా టీవీలో వచ్చినప్పుడు మొదటి పేర్లు పోయేదాకా ఆగకుండా కాఫీకి లేస్తూ ఉంటాము. ఈసారి కొంచెం కూర్చోండి. ఛాయాగ్రహణం అన్నచోట ఉన్న పేరును మనుమల చేత పైకి చదివించండి. ఆ పేరు గలాయన మనకు బాకీ లేడు. మనమే ఆయనకు కొంత బాకీ ఉన్నాము. ఆ బాకీ తీర్చడానికి ట్రెజరీ బిల్లు అక్కరలేదు.

సెలవు.