దోమతెరలో దొరికిన రహస్యం

సర్ రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించాడు. కావ్యరచనపై మక్కువ ఉన్నా, సైన్యాధికారియైన తండ్రి కోరిక మేరకు వైద్యం అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. చెడుగాలి వల్లనే మలేరియా వస్తుందని నాడు చాలామంది నమ్మేవారు. దోమకు అందులో పాత్ర ఉందన్న పాట్రిక్ మాన్సన్ ఊహ రాస్‌ను ఆకర్షించింది.

సికింద్రాబాదులో 1895లో ఆయన పరిశోధన ఆరంభించాడు. పరీక్షించిన దోమలు వేరు జాతులవి కావడంతో రెండేళ్ల శ్రమ వృథా అయింది. చివరకు రెక్కలపై మచ్చలున్న దోమలను పెంచి, మలేరియా రోగి పడుకున్న దోమతెరలోనికి విడిచాడు. మనిషిని కాపాడవలసిన తెర అక్కడ దోమలకు పంజరమైంది! కుట్టిన ఒక్కొక్క దోమకు రోగికి ఒక అణా ముట్టింది. గాలికి దోమలు చెదరిపోతాయని పంకా సైతం వాడక, ఉక్కపోతలోనే రాస్ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. 1897 ఆగస్టు 20న దోమ జీర్ణకోశపు గోడలో నల్లని రేణువులతో కూడిన పరాన్నజీవి కణాలు కనిపించాయి.

అంతలోనే బదిలీ. అయినా 1898లో కలకత్తాలో పక్షులపై ప్రయోగాలు చేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటుతో వ్యాపిస్తుందని నిరూపించాడు. అనాఫిలిస్ ఆడదోమ ఎక్కువగా రాత్రివేళ కుడుతుంది కనుక, దోమతెర కట్టుకొనే పాత అలవాటుకు శాస్త్రబలం చేకూరింది. 1902లో నోబెల్ బహుమతి పొందిన రాస్, 1932 సెప్టెంబరు 16న లండనులో మరణించాడు.