అజ్ఞాత సైనికుల అన్వేషణలో క్లారా బార్టన్

అమెరికా దేశమున రెడ్ క్రాస్ సంఘమును 1881వ సంవత్సరమున స్థాపించిన వనితగా క్లారా బార్టన్ పేరు మన విద్యార్థులు వినియే యుందురు. ఆ కీర్తి ఆమె జీవితములోని మఱియొక ఘట్టమును మఱుగుపఱచినది. సంఘస్థాపనకు పదునాఱేండ్లు ముందే ఆమె ఇంకొక కార్యమునకు పూనుకొనెను. యుద్ధమున మరణించి, ఏ మట్టిలో కలసిరో కన్నవారికైనను తెలియని సైనికుల జాడ తీయుటయే ఆ కార్యము. ఆమె చేసిన పనులలో నాకు మిన్నగా తోచునది ఇదియే.

క్లారా 1821 డిసెంబరు 25వ తేదీన మాసచూసెట్స్ రాష్ట్రమందలి ఆక్స్‌ఫర్డున జన్మించెను. ఐదుగురు సంతానములో కడగొట్టు బిడ్డ. తండ్రి పూర్వము సైనికుడు. ఆయన చెప్పు యుద్ధకథలు వినుచు పెరిగెను. మిక్కిలి బిడియము గల పిల్ల. బడిలో పాఠములు చెప్పినచో ఆ బిడియము తీరునని పెద్దలు తలచిరి. పదునేడేండ్లకే పంతులమ్మ అయ్యెను. 1852లో న్యూజెర్సీ రాష్ట్రమున బోర్డెన్‌టౌను పట్టణములో ఆమె రుసుము లేని పాఠశాలను తెఱచెను. కొద్దిమందితో మొదలైన బడి వందలమందితో నిండెను. అప్పుడు పాలకవర్గమువారు ఆమెపై నొక పురుషుని, హెచ్చు జీతముతో, ప్రధానోపాధ్యాయునిగా నియమించిరి. ఈ ముక్క చదువు ఉపాధ్యాయినులకు నా వ్యాఖ్యానము అక్కఱలేదు. ఆమె బడి విడిచి వాషింగ్టను నగరమున పేటెంటు కార్యాలయములో గుమాస్తాగా చేరెను.

1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము చెలరేగెను. క్లారా కట్లగుడ్డలు, మందులు, ఆహారము బండ్లకెత్తించుకొని యుద్ధభూమికే పోయెను. 1862లో యాంటీటము వద్ద ఆమె ఒక క్షతగాత్రునికి ఉపచారము చేయుచుండగా, తుపాకిగుండు ఆమె చొక్కాచేతిని చీల్చుకొనిపోయి అతని ప్రాణము తీసెను.

1865లో యుద్ధము ముగిసెను. వేలకొలది ఇండ్లలో మాత్రము అది ముగియలేదు. కొడుకు బ్రతికియున్నాడో లేదో తెలియదు. మరణించెనన్న ఆధారము చూపనిదే వితంతువునకు భృతి రాదు. మనలో తిథి తెలియక తద్దినమెట్లు పెట్టుదుమని కుమిలిన తల్లులను ఎఱిగినవారికి ఆ వేదన విడమఱచి చెప్పనక్కఱలేదు. ఆ యేడు మార్చిలో అధ్యక్షుడు లింకను అనుమతి పొంది, క్లారా వాషింగ్టనులోని తన అద్దెగదినే కార్యాలయముగా చేసికొనెను. తప్పిపోయినవారి పేర్లను రాష్ట్రములవారీగా అచ్చువేయించి, పత్రికలకును తపాలా కార్యాలయములకును పంపెను. వీరిని చూచినవారు, వీరి అంత్యకాలమున ప్రక్కనున్నవారు తనకు వ్రాయవలసినదని కోరెను. తొలుత ఖర్చంతయు తనదే.

ఆ జాబితా చూచి ఆమెను వెదకికొని వచ్చినవాడు డోరెన్స్ అట్వాటర్. అతడు జార్జియాలోని ఆండర్సన్‌విల్ చెఱలో నుండి బయటపడిన సైనికుడు. 1864 ఫిబ్రవరిలో దక్షిణాదివారు తెఱచిన ఆ చెఱలో పదునాలుగు నెలలలో దాదాపు 45,000 మంది బందీలుండగా, 13,000 మందికి చేరువగా మరణించిరి. కందకములు త్రవ్వి, భుజము భుజము తాకునట్లు శవములను పరుండబెట్టి పూడ్చిరి. తలవైపు అంకె వేసిన కొయ్యమేకు, పేరు లేదు. చనిపోయినవారి పట్టీ వ్రాయు పని చెఱపాలకులు అట్వాటరునకు అప్పగించిరి. అతనికప్పుడు పందొమ్మిదేండ్లు. వారి యెఱుక లేకుండ ఆ కుఱ్ఱవాడు మఱియొక ప్రతి వ్రాసికొని, దాచి, వెలుపలికి తెచ్చెను.

అంకెకు ఎదురుగా పేరు దొరికినది! క్లారా యుద్ధమంత్రికి చెప్పి కదలించెను. 1865 జూలైలో కెప్టెన్ జేమ్స్ మూర్ నాయకత్వమున వడ్రంగులు, అక్షరములు వ్రాయువారు ఆండర్సన్‌విల్ చేరిరి. క్లారాయు అట్వాటరును వెంట నుండిరి. పట్టీలోని అంకెను బట్టి ఒక్కొక్క సమాధికి పేరు వ్రాసిన పలక నాటిరి. ఆ పని జరుగుచుండగా ఆమె మృతుల ఇండ్లకు ఉత్తరములు వ్రాయుచు కూర్చుండెను. ఆగస్టు 17వ తేదీన అచ్చట ఆమె జెండా ఎత్తునాటికి పేరు తెలియక మిగిలిన సమాధులు సుమారు 460 మాత్రమే.

ఇంతకు మూలమైన అట్వాటరు గతి ఏమాయెను? తన పట్టీని తానే తిరిగి తీసికొన్నందుకు, ప్రభుత్వ పత్రము దొంగిలించెనని సైనిక న్యాయస్థానము అతనికి పదునెనిమిది నెలల కఠినశిక్ష విధించెను. శత్రువు చెఱ తప్పించుకొన్నవాడు స్వదేశపు చెఱ చేరెను. కొలది నెలలకే విడుదలయ్యెను. క్లారా అతని పక్షమున నిలిచెను. 1866లో ఆ పట్టీ న్యూయార్కు ట్రిబ్యూన్ ద్వారా అచ్చయి బంధువులకు అందెను.

ఆ సంవత్సరమే శాసనసభ ఆమెకు 15,000 డాలర్లు మంజూరు చేసెను. 1868లో కార్యాలయము మూయునాటికి వచ్చిన జాబులు 63,000 పైబడినవి. 22,000 మంది జాడ తెలిసినది. ఆమె 1912 ఏప్రిల్ 12వ తేదీన మరణించెను.

1996లో వాషింగ్టనులో కూల్చనున్న ఒక పాత మేడను పరీక్షింప పోయిన వడ్రంగికి అటకపై జాబులు, జాబితాలు, ఒక రేకు బోర్డు కనబడినవి. తప్పిపోయిన సైనికుల కార్యాలయము మూడవ అంతస్తులో తొమ్మిదవ గదియని ఆ బోర్డుపై వ్రాసియున్నది. క్రింద కుమారి క్లారా బార్టన్ పేరు. ఆ మేడను కూల్చలేదు.