పెరటి సంపెంగకు

చలికి మొక్కలు చచ్చే ఊరు కాదు మాది. ఆ బెంగేదో లంబసింగి వాళ్లది. విశాఖలో చలికాలం అంటే కుండీల్లో చామంతులు విరగబూసే కాలం. మా తోటలకు మృత్యువు సముద్రం మీంచి వస్తుంది, చలి ఇంకా మొదలవకముందే.

2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగంతో హుద్‌హుద్ తుఫాను ఊరి మీద పడింది. మధ్యలో కాసేపు గాలి ఆగింది. తుఫాను కన్ను మన నెత్తిమీదే ఉందని తెలియక, గండం గడిచిందనుకుని జనం గుమ్మాల్లోకి వచ్చారు. అంతలో అవతలి పక్క నుంచి మళ్లీ అందుకుంది. పొద్దుటి గాలికి ఒరిగి కూడా వేళ్లతో నేలను పట్టుకుని ఉన్న చెట్లు ఈ రెండో దెబ్బకు పోయాయి. మా సంపెంగా అలాగే పోయింది.

అది గింజ మొక్క. సింహాచలం కొండ కింద కొన్నది. అప్పన్నకు బంగారు సంపెంగలతో అర్చన చేస్తారు కాబట్టి ఆ నేల మొక్కే కావాలని అమ్మ పట్టు. గింజ నుంచి లేచిన సంపెంగ పూతకు రావాలంటే ఎనిమిదేళ్లో పదేళ్లో పడుతుంది. ఈలోగా వచ్చినవాళ్లంతా ‘గొడ్డు చెట్టు, కొట్టించెయ్యండి’ అన్నవాళ్లే. పూయడం మొదలయ్యాక ఆ నోళ్లే పూలడిగాయి. అమ్మ ఎవర్నీ కాదనలేదు గానీ, కొమ్మ వంచనిచ్చేది కాదు. సంపెంగ కొమ్మ ఉత్త పెళుసు. పొడుగాటి కర్రకు కొక్కెం కట్టి, ఒక్కో పువ్వునే తెంపి, గాజుగ్లాసు నీళ్లలో వేసేది. సాయంత్రానికి రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగేవి, వాసన మాత్రం ఇంకా చిక్కబడేది.

తుఫాను తర్వాత కైలాసగిరి, కంబాలకొండ నిప్పు లేకుండానే మాడిపోయినట్టు కనిపించాయి. ఉప్పుగాలి పని అది. ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడిగితే కొంత మేలే, కానీ రోజుల తరబడి కరెంటు లేదు, మోటారు లేదు, తాగేనీళ్లకే బిందెలతో వరస. మొక్కలకెవరు పోస్తారు? ఎండినవన్నీ పీకించేద్దామని తోటమాలిని పిలిస్తే, ‘తొందరపడి పీకీకండమ్మా, గోరుతో గీకి సూడండి. లోపల పచ్చగుంటే పేణం ఉన్నట్టే’ అన్నాడు. అతని మాటే నిజమైంది. మందారం, నూరువరహాలు, కరివేపాకు కొన్ని వారాల్లో చిగిర్చాయి. విరిగిన మునగ కొమ్మను గుచ్చితే అదే చెట్టయింది. అరటి పిలకలేసింది. బొప్పాయి పోయింది. సంపెంగ వేళ్లతో సహా లేచిపోయింది, గీకి చూడాల్సిన పని కూడా లేదు.

తర్వాత కడియం నర్సరీల మొక్కలు వీధిలోకి వచ్చాయి. మోకాలెత్తు అంటు సంపెంగ, సంచీలో ఉండగానే రెండు పూలతో. కొన్నాం, కుండీలో పూస్తోంది కూడా. దాన్ని తప్పుపట్టను. కాకపోతే దాని కింద కుర్చీ వేసుకుని కూర్చోలేం.

ఊరూ తన పోయిన నీడకు బదులు వెతుక్కుంది. త్వరగా ఎదుగుతుందని రోడ్ల వెంట వేలకొద్దీ ఏడాకుల పాల నాటారు. చలి మొదలవగానే అది పూస్తుంది. ఒక చెట్టుదైతే ఆ వాసన బాగానే ఉంటుంది, వీధి పొడుగునా పూస్తే తల దిమ్మెక్కుతుంది. ఆయాసం ఉన్నవాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు, కొట్టేయమని అర్జీలు పెడుతున్నారు. నా మటుకు తప్పు చెట్టుది కాదు, ఒకే జాతిని వరసకట్టి నాటిన తొందరది. ఉప్పుగాలికి ఓర్చుకునే పొన్న, కానుగ మనకు లేవా?

సంపెంగ లేచిన గోతిలో మేం పొగడ నాటాం. నెమ్మదిగా ఎదుగుతుంది, గాలికి నిలుస్తుంది. పూలు కొయ్యక్కర్లేదు, వాటంతటవే రాలతాయి. అమ్మ ఏరి దండ గుచ్చుతుంది, ‘దీనికి ఆ వాసనేదీ’ అని సణుగుతూనే. నేను ఎదురు చెప్పను.